హైదరాబాద్ ఎండకి చిన్న పీసీ: ఎన్ని లీటర్లు, ఎన్ని వాట్లు?

చిన్న పీసీ కట్టించుకోవాలనుకునేవాళ్ళు మొదట అడిగేది "ఏ క్యాబినెట్ బాగుంటుంది" అని. నన్నడిగితే అది మూడో ప్రశ్న. మొదటిది, మే నెల మధ్యాహ్నం ఆ పీసీ ఉండే గదిలో ఏసీ నడుస్తుందా లేదా. రెండోది, మీరు చేసే పనికి నిజంగా ఎన్ని వాట్లు కావాలి. ఈ రెండూ తేలితే క్యాబినెట్ దానంతటదే తేలిపోతుంది. చిన్న క్యాబినెట్ల సైజుని లీటర్లలో చెబుతారు; ఈ రెండూ తేలకుండా బొమ్మ చూసి కొన్న పది లీటర్ల డబ్బా మాత్రం ఎండాకాలం వచ్చేసరికి హోరుమంటుంది.

ఎందుకంటే మనం యూట్యూబ్‌లో చూసే రివ్యూలు చాలావరకు 20 నుంచి 25 డిగ్రీల గదిలో చేసినవి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో బయట 40 దాటుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. పైఅంతస్తు ఫ్లాట్ అయితే పగలంతా కాగిన స్లాబు రాత్రి దాకా వేడి దింపుతూనే ఉంటుంది కాబట్టి ఏసీ లేని గదిలో 35, 36 మామూలే. గాలితో చల్లబడే ఏ హీట్‌సింకైనా (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు రెక్కల దిమ్మ) దాన్ని గది గాలి కంటే చల్లగా చేయలేదు. గది 13 డిగ్రీలు వేడెక్కితే అదే ఫ్యాన్ వేగం దగ్గర ప్రాసెసర్ కూడా దాదాపు 13 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. రివ్యూలో 75 ఉంటే మీ ఇంట్లో 88. అక్కడ 84 చూపించి "పర్లేదు" అన్న సెటప్ ఇక్కడ పరిమితిని తాకుతుంది. రైజెన్ 7000 సిరీస్ చిప్పులు చాలావరకు 95 డిగ్రీల దగ్గర తమ వేగం తామే తగ్గించుకుంటాయి కాబట్టి ఏదీ కాలిపోదు, ఆ టెన్షన్ అక్కర్లేదు. కానీ అక్కడికి చేరేలోపే ఫ్యాన్లు పూర్తి వేగంలో అరుస్తుంటాయి. వాటర్ కూలింగ్ పెట్టినా ఇదే లెక్క, ఎందుకంటే రేడియేటర్ చల్లబడేది కూడా ఆ గది గాలితోనే.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. 350 వాట్లు లాగే పీసీ చిన్నదైనా పెద్దదైనా గదిలోకి వదిలే వేడి 350 వాట్లే. గంటలకొద్దీ గేమ్ ఆడితే, ఏసీ లేని చిన్న బెడ్‌రూమ్‌లో ఆ తేడా మీ ఒంటికే తెలుస్తుంది. అందుకే నా సలహా అంతా ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది: ముందు వాట్లు తగ్గించండి, తర్వాతే లీటర్లు.

శబ్దం ఎప్పుడు వినపడుతుంది?

ఇది ఎవరూ పట్టించుకోరు గానీ ఎంపిక మొత్తం దీని మీదే ఆధారపడుతుంది. మన ఇళ్ళల్లో గది బాగా వేడిగా ఉన్నప్పుడు సీలింగ్ ఫ్యాన్ నాలుగులోనో అయిదులోనో తిరుగుతుంటుంది. ఆ గాలి శబ్దంలో 120 మి.మీ. ఫ్యాన్ మెల్లగా తిరిగే చప్పుడు కలిసిపోతుంది, మీకు తెలియను కూడా తెలియదు. సీలింగ్ ఫ్యాన్ ఆపేసే డిసెంబరు రాత్రుల్లో గదే చల్లగా ఉంటుంది కాబట్టి పీసీ ఫ్యాన్లు కూడా నెమ్మదిగా ఉంటాయి. ఏసీ వేసి 26లో పెట్టుకున్నా అంతే. అంటే హైదరాబాద్‌లో వేడీ నిశ్శబ్దమూ ఒకేసారి రావడం తక్కువ, ఇది మనకి నిజంగా కలిసొచ్చే విషయం. చలి దేశాలవాళ్ళు ఒక్కో డెసిబెల్ కోసం పెట్టే డబ్బు మనం పెట్టక్కర్లేదు.

అయితే సీలింగ్ ఫ్యాన్ కప్పలేని శబ్దాలు ఉన్నాయి: సన్నటి ఈల. 40 మి.మీ. ఫ్యాన్ ఉన్న ఫ్లెక్స్ అనే సన్నటి సైజు ఎస్‌ఎమ్‌పీఎస్ (పీసీకి కరెంటిచ్చే పవర్ సప్లై), పలచటి హీట్‌సింక్ మీద పూర్తి వేగంలో తిరిగే 92 మి.మీ. ఫ్యాన్, ఏఐఓ (రెడీమేడ్ వాటర్ కూలర్) పంపు, గ్రాఫిక్స్ కార్డు కాయిల్ చేసే కీచుమనే చప్పుడు. ఇవి గాలి హోరులోంచి కూడా చీల్చుకుని చెవికి తగులుతాయి. ఆఫీసు కాల్స్‌లో మైక్ పట్టుకునేదీ వీటినే. కాబట్టి డెసిబెల్ అంకె కంటే ఫ్యాన్ సైజు చూడండి. ఫ్యాన్ వేగం సగానికి తగ్గిస్తే గాలి సగమే తగ్గుతుంది, శబ్దం మాత్రం 15 డెసిబెల్స్ దాకా పడిపోతుంది. పది డెసిబెల్స్ తగ్గితేనే చెవికి శబ్దం సగమైనట్టు అనిపిస్తుంది. పెద్ద హీట్‌సింక్, పెద్ద ఫ్యాన్, తక్కువ వేగం. నిశ్శబ్దానికి ఇంతకు మించిన రహస్యం లేదు, దీనికి చోటు కావాలి, చోటంటే లీటర్లు.

ఒకటి రెండు లీటర్లు: గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేనివాళ్ళకి

కోడింగ్, ఆఫీసు పని, పిల్లల క్లాసులు, సినిమాలు, ఇంతే అయితే విడి భాగాలు కొని కట్టుకునే పని పెట్టుకోకండి. పాత ఆఫీసు మినీ డబ్బాలు, అంటే లెనోవో థింక్‌సెంటర్ టైనీ, డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, హెచ్‌పీ మినీ లాంటివి, సెకండ్ హ్యాండ్‌లో చాలా దొరుకుతాయి. వాటిలో ఎక్కువగా ఉండేవి ఇంటెల్ 35 వాట్ల టీ సిరీస్ చిప్పులు. అందుకే మామూలు పనిలో ఎండాకాలం కూడా గోల చేయవు. కొన్నప్పుడు ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ మార్పించి, ఫ్యాన్ దుమ్ము దులిపిస్తే చాలు.

కొత్తదే కావాలంటే ఎం4 మ్యాక్ మినీని పక్కన పెట్టలేం. 2024లో ₹59,900కి వచ్చింది, 16 జీబీ ర్యామ్‌తో మొదలవుతుంది, 12.7 సెంటీమీటర్ల చదరం, మామూలు పనిలో ఫ్యాన్ ఉందనే గుర్తు రాదు. విండోస్ తప్పనిసరి కాకపోతే, ర్యామ్ తర్వాత పెంచుకోలేకపోయినా ఫర్వాలేదనుకుంటే, ఈ సైజులో దీనికి సాటి వచ్చేది నాకు కనిపించలేదు. ఇంటెల్ తన నక్ మినీ పీసీలని 2023లో ఆసుస్‌కి అప్పజెప్పింది, ఆ పేరుతో ఇప్పుడు దొరికేవి ఆసుస్‌వే. చైనా బ్రాండ్ల మినీ పీసీల్లో చిప్పు శక్తి ఎక్కువ, హీట్‌సింక్ చిన్నది, కాబట్టి పూర్తి లోడులో చప్పుడు చేస్తాయి. బయోస్‌లో (విండోస్ రాకముందే తెరిచే పీసీ సెట్టింగుల్లో) పవర్ తగ్గించుకునే ఆప్షన్ ఉన్న మోడలైతేనే చూడండి.

విడిగా కట్టుకోవాలన్న సరదా ఉంటే సగం కట్టి వచ్చే డబ్బాలు ఏఎస్‌రాక్ డెస్క్‌మినీ ఎక్స్300, ఎక్స్600 ఉన్నాయి. 1.92 లీటర్లు, 120 వాట్ల అడాప్టర్ బయటే ఉంటుంది కాబట్టి లోపల ఎస్‌ఎమ్‌పీఎస్ వేడీ లేదు, ఫ్యానూ లేదు. కూలర్‌కి ఉన్న ఎత్తు 47 మి.మీ. లోపే. అందులో 37 మి.మీ. నాక్టువా ఎల్9ఏ కూలర్ పట్టేస్తుంది, కానీ 36 డిగ్రీల గదిలో 65 వాట్ల చిప్పుని పూర్తి లోడులో ఉంచితే దానికి అది చాలదు. ఎక్స్600లో రైజెన్ 5 8600జీ పెట్టి, బయోస్‌లో 45 వాట్లకి కట్టేస్తే అప్పుడు ఈ డబ్బా హాయిగా ఉంటుంది.

పది లీటర్లు: అందం ఉంది, లెక్క తప్పితే నరకం

ఫ్రాక్టల్ టెరా క్యాబినెట్ చూడగానే మనసు పడిపోతుంది, నిజమే. 10.4 లీటర్లు, ముందు వాల్‌నట్ చెక్క, చేతిపని లాంటి నాణ్యత. ఇలాంటి శాండ్‌విచ్ క్యాబినెట్లలో మదర్‌బోర్డు ఒక పక్క, గ్రాఫిక్స్ కార్డు వెనక పక్క, మధ్యలో ఆ రెండిటినీ కలిపే రైజర్ కేబుల్. కార్డు తన గాలి తాను నేరుగా బయట నుంచి తీసుకుంటుంది కాబట్టి దానికి పెద్ద ఇబ్బంది ఉండదు. ఇబ్బందంతా ప్రాసెసర్‌కే. టెరాలో మధ్య గోడ జరపొచ్చు, కార్డు మందాన్ని బట్టి కూలర్‌కి 48 నుంచి 77 మి.మీ. దాకా ఎత్తు మిగులుతుంది. రెండు స్లాట్ల మందమే ఉన్న కార్డు తీసుకుని 70 మి.మీ. ఎత్తున్న నాక్టువా ఎల్12ఎస్ లాంటి 120 మి.మీ. ఫ్యాన్ ఉన్న కూలర్ పెట్టగలిగితే ఈ క్యాబినెట్ మన ఊళ్ళో కూడా పనిచేస్తుంది. మూడు స్లాట్ల లావు కార్డు కొని కూలర్‌ని 48కి కుదిస్తే మాత్రం ఏసీ లేకుండా దాని జోలికి వెళ్ళొద్దు.

లియాన్ లీ ఏ4-హెచ్2ఓ ఇంకో దారి, 11 లీటర్లలో వాటర్ కూలింగ్‌కి 240 మి.మీ. రేడియేటర్ పడుతుంది. చల్లదనంలో బాగుంటుంది. కానీ పంపు చప్పుడు ఎప్పుడూ ఉంటుంది, ఏఐఓ కొన్నేళ్ళకి మార్చాల్సిన వస్తువు, గాలి హీట్‌సింక్ అలా కాదు. నిశ్శబ్దమే మొదటి కోరిక అయితే నేను దీన్ని ఎంచుకోను.

ఈ సైజులో ఇంకో రెండు చిక్కులున్నాయి. జెన్3, జెన్4, జెన్5 అంటే కార్డు, ఎస్‌ఎస్‌డీ బోర్డుతో మాట్లాడే వేగంలో తరాలు. రైజర్ కేబుల్ జెన్3ది అయి, కార్డు, బోర్డు జెన్4వి అయితే ఒక్కోసారి తెర మీద బొమ్మే రాదు, బయోస్‌లో స్లాట్‌ని జెన్3కి మార్చాలి. రెండోది, చాలా మినీ-ఐటీఎక్స్ బోర్డుల్లో (ఈ చిన్న క్యాబినెట్లలో పట్టే చిన్న సైజు మదర్‌బోర్డులు) రెండో ఎస్‌ఎస్‌డీ స్లాట్ బోర్డు వెనక ఉంటుంది, అక్కడ గాలి ఆడదు. జెన్5 ఎస్‌ఎస్‌డీ అక్కడ పెట్టడం దండగ, జెన్4లో తక్కువ వేడెక్కేది చూసుకోండి.

పద్దెనిమిది లీటర్లు: నా ఓటు దీనికే

కూలర్ మాస్టర్ ఎన్ఆర్200 క్యాబినెట్, 18.25 లీటర్లు. 2020 నుంచీ ఉన్న డిజైన్, ఈ మధ్య వచ్చిన చాలా క్యాబినెట్లంత మురిపించదు. కానీ దీన్లో చిల్లుల సైడ్ ప్యానెల్ పెట్టుకుంటే 155 మి.మీ. దాకా కూలర్ పడుతుంది. అంటే మామూలు పెద్ద పీసీల్లో వాడే టవర్ హీట్‌సింకే ఇందులోకీ వస్తుంది. మొత్తం పోలిక ఇక్కడే మలుపు తిరుగుతుంది. పది లీటర్ల డబ్బాలో ఖరీదైన పొట్టి కూలర్ కిందా మీదా పడి చేసే పనిని, ఇక్కడ 148 మి.మీ. ఎత్తుండే థర్మల్‌రైట్ అసాసిన్ ఎక్స్ 120 ఎస్ఈ లాంటి చవక టవర్ నెమ్మదిగా తిరుగుతూ చేసేస్తుంది. మీరు అదనంగా ఇచ్చింది టేబుల్ మీద ఎనిమిది లీటర్ల చోటు మాత్రమే. గాజు ప్యానెల్ వచ్చే ఎన్ఆర్200పీ కొంటే ఆ గాజు పక్కన పెట్టి, దాంతో వచ్చే చిల్లుల ప్యానెలే బిగించండి.

గ్రాఫిక్స్ కార్డు కింద రెండు 120 మి.మీ. ఫ్యాన్లు పైకి గాలి ఊదేట్టు, పైన ఒకటి బయటికి తోసేట్టు పెట్టండి. వెనక ఉండే 92 మి.మీ. ఫ్యాన్‌ని తీసేసినా నష్టం లేదు, ఈల వేసేది ఎక్కువగా అదే. ఖరీదైన ఫ్యాన్లే కావాలని లేదు, ఆర్కిటిక్ పీ12 లాంటివి 800 ఆర్‌పీఎమ్ వేగం దగ్గర కట్టేస్తే చాలు. కార్డు మూడు స్లాట్ల మందం ఉంటే కింద మామూలు 25 మి.మీ. ఫ్యాన్లు పట్టవు, పలచటివి కావాలి. అందుకే ఇక్కడ కూడా రెండు స్లాట్ల కార్డే మేలు.

బడ్జెట్ తక్కువగా ఉంటే సైజులో ఇంకో మెట్టు పైకి వెళ్ళండి. లియాన్ లీ ఏ3, మినీ-ఐటీఎక్స్ కంటే కాస్త పెద్దవైన మైక్రో ఏటీఎక్స్ బోర్డులకి, 26.3 లీటర్లు, 165 మి.మీ. కూలర్ పడుతుంది. అదే చిప్‌సెట్‌కి మినీ-ఐటీఎక్స్ బోర్డు కంటే మైక్రో ఏటీఎక్స్ బోర్డు మామూలుగా చవక, ర్యామ్ స్లాట్లు కూడా చాలావాటిలో నాలుగు ఉంటాయి. చిన్నగా ఉండాలన్న పంతం లేకుండా చల్లగా, చప్పుడు లేకుండా ఉండటమే ముఖ్యమైతే, డబ్బుకి తగ్గ విలువ ఇందులోనే ఎక్కువ. నిజం చెప్పాలంటే నన్ను అడిగే చాలామందికి కావాల్సింది ఇదే, అడిగేది మాత్రం టెరా.

వాట్ల లెక్క

పెట్టె మీద 65 వాట్లు అని ఉన్నంత మాత్రాన అంతే లాగుతుందనుకోకండి. ఏఎండీ 65 వాట్ల చిప్పు లోడులో 88 వాట్ల దాకా తీసుకుంటుంది. 105 వాట్లదైతే 142. ఇంటెల్ సంగతి ఇంకా తేడా, ఐ5-14400 మీద 65 అని ఉంటుంది, టర్బోలో 148 దాకా పోవచ్చు. ఐ7-13700 అయితే అదే 65 పేరుతో 219. చిన్న డబ్బాలో ఇంటెల్ పెడితే బయోస్‌లో పవర్ లిమిట్లు చేత్తో సెట్ చేయడం మర్చిపోకూడదు. నా వరకు 18 లీటర్లకి రైజెన్ 5 7600 గానీ రైజెన్ 7 7700 గానీ సరిపోతుంది. 7700ఎక్స్ చవగ్గా దొరికితే అదే తీసుకుని బయోస్‌లో ఉండే ఈకో మోడ్‌లో 65 వాట్లకి కట్టేయండి, మామూలు వాడకంలో తేడా పట్టుకోవడం కష్టం.

గ్రాఫిక్స్ కార్డులో ఆర్‌టీఎక్స్ 4060 అయితే 115 వాట్లు, 5060 అయితే 145, 5060 టీఐ 180, 4070 అయితే 200. ఏసీ లేని గదికి నేను 150 దగ్గర గీత గీస్తాను. దాని పైన కొనాలనుకుంటే ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్ 80 శాతానికి దించి చూడండి, ఫ్రేములు తగ్గేది కొద్ది శాతమే, ఫ్యాన్ శబ్దంలో మాత్రం తేడా వెంటనే వినిపిస్తుంది.

ఎస్‌ఎమ్‌పీఎస్ విషయంలో మాత్రం పొదుపు చేయొద్దు. ఎన్ఆర్200కి ఎస్‌ఎఫ్‌ఎక్స్ అనే చిన్న సైజుది కావాలి. మీ పీసీ 300 వాట్లే లాగినా 600 నుంచి 750 వాట్లది మంచి కంపెనీది తీసుకుంటే సగం లోడులోనే నడుస్తుంది, చాలా మోడళ్ళు తక్కువ లోడులో ఫ్యాన్‌ని పూర్తిగా ఆపేస్తాయి.

తక్కువ వాట్లతో ఇంకో లాభం కరెంటు పోయినప్పుడు తెలుస్తుంది. ఇళ్ళల్లో మామూలుగా ఉండే 600 వీఏ యూపీఎస్ 360 వాట్ల వరకే మోయగలదు. 250 వాట్ల పీసీ, మానిటర్ దాని మీద నిలబడతాయి. 450 వాట్లది కరెంటు పోగానే యూపీఎస్‌తో సహా పడిపోతుంది.

ఫ్యాన్ కర్వ్, దుమ్ము, ఎయిర్ కూలర్

ఎంత వేడికి ఫ్యాన్ ఎంత వేగంగా తిరగాలో చెప్పే సెట్టింగే ఫ్యాన్ కర్వ్. నెట్లో దొరికేవి చాలావరకు 50 డిగ్రీల దగ్గర వేగం పెంచడం మొదలుపెడతాయి. మన ఎండాకాలంలో ఊరికే డెస్క్‌టాప్ మీద ఉన్నప్పుడే ప్రాసెసర్ 50 దగ్గర ఉంటుంది. దాంతో బ్రౌజర్‌లో ఒక ట్యాబ్ తెరిచినప్పుడల్లా ఫ్యాన్ లేచి పడుతుంటుంది, నిలకడగా ఉండే చప్పుడు కంటే ఈ లేచి పడే చప్పుడే ఎక్కువ చిరాకు పెడుతుంది. 70 దాకా ఒకే వేగం, అక్కణ్ణుంచి మెల్లగా పెరిగేట్టు, మధ్యలో కొన్ని సెకన్ల ఆలస్యం పెట్టండి. పైసా ఖర్చు లేదు, ఫలితం మాత్రం కొత్త ఫ్యాన్లు కొన్నదానికంటే ఎక్కువ.

కోకాపేట, నిజాంపేట, బాచుపల్లి వైపు ఉండేవాళ్ళకి చుట్టూ కట్టడాల దుమ్ము తప్పదు. కింద నుంచి గాలి పీల్చే క్యాబినెట్‌ని నేల మీద పెట్టొద్దు, టేబుల్ మీదే ఉంచి, ఫిల్టర్ తరచూ కడిగి ఆరబెట్టండి. బ్లోయర్‌తో దులిపేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి. టీవీ యూనిట్ అరల్లో, చెక్క కబోర్డులో దాచొద్దు, అది వదిలిన వేడి గాలినే మళ్ళీ పీలుస్తుంది, ఎంత మంచి హీట్‌సింక్ ఉన్నా ఉపయోగం ఉండదు.

నీళ్ళు పోసే ఎయిర్ కూలర్ వాడేవాళ్ళు ఒకటి గమనించండి. పొడి వేడి ఉన్న ఏప్రిల్, మే నెలల్లో అది గది వేడిని బాగానే దించుతుంది, పీసీకి కూడా మంచిదే. కానీ ఆ గాలి నేరుగా క్యాబినెట్‌కి తగిలేట్టు పెట్టొద్దు. బోరు నీళ్ళ తుంపరలు ఆరితే తెల్లటి ఉప్పు మిగులుతుంది, అది బోర్డు మీద చేరడం మంచిది కాదు. వానాకాలం మొదలయ్యాక ఎయిర్ కూలర్ తేమ పెంచడమే గానీ చల్లబరిచేది తక్కువ.

ఎక్కడ కొనాలి

సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అదే సీటీసీకి, వెళ్తే మామూలు ఏటీఎక్స్ క్యాబినెట్లు కుప్పలు ఉంటాయి. మినీ-ఐటీఎక్స్ బోర్డు, ఎస్‌ఎఫ్‌ఎక్స్ ఎస్‌ఎమ్‌పీఎస్ అడిగితే తెప్పిస్తామనే మాటే ఎక్కువ వినిపిస్తుంది. ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు ఇక్కడే బిల్లుతో తీసుకోండి, బేరమూ కుదురుతుంది, వారంటీకి తిరగడమూ తేలిక. క్యాబినెట్, ఎస్‌ఎఫ్‌ఎక్స్, పొట్టి కూలర్లు ఆన్‌లైన్‌లో చూడండి. ముందు క్యాబినెట్ ఖాయం చేసి, దాని కొలతలు కాగితం మీద రాసుకుని, కూలర్ ఎత్తు, కార్డు పొడవు, మందం మూడూ సరిపోయాకే మిగతావి ఆర్డర్ పెట్టండి. షాపులో "పట్టేస్తుంది సార్" అన్న మాట మీద కాదు, మిల్లీమీటర్ల మీద నమ్మకం పెట్టుకోండి.

కట్టడం అయ్యాక పరీక్ష మాత్రం మధ్యాహ్నం మూడింటికి, ఏసీ ఆపి, ప్యానెళ్ళన్నీ మూసి చేయండి, రిటర్న్ గడువు ఉండగానే. మీరు నిజంగా ఆడే గేమో, చేసే రెండరింగో అరగంట నడపండి. ప్రాసెసర్ 85 లోపు, కార్డు 80 లోపు ఉంటే ఇంక దాన్ని ముట్టుకోవద్దు. 90 దాటితే మొదట పవర్ లిమిట్ పది పదిహేను వాట్లు దించి మళ్ళీ చూడండి, కొత్త ఫ్యాన్లకి డబ్బు పెట్టడం ఆ తర్వాతే.